దొరకని దోషి - విడువని నిర్దోషి

సంగారెడ్డి పట్టణమున 1796లో గట్టిన చెఱసాల యొకటి కలదు. ఖైదీలను క్రొత్త చెఱసాలకు తరలించిన పిమ్మట దానిని ప్రదర్శనశాలగా మార్చిరి. 2016లో అచ్చట నొక వింత యేర్పాటు గావించిరి. అయిదువందల రూపాయలు చెల్లించినవారికి ఖైదీ దుస్తులును, కంచమును, చెంబును ఇచ్చి, ఖైదీల కూడే పెట్టి, ఒక దినము గదిలో నుంచి, మరునాడు తలుపు తెఱచి పంపివేయుచుండిరి. చెఱ యెట్లుండునో తెలిసికొనగోరు పౌరులకు ఇది యొక పాఠమగునని యధికారుల తలంపు. ఆ తలంపును మేము నిందింపము. కాని యొక లెక్క మాత్రము పాఠకుల ముందుంచ దలచినాము.

2007 డిసెంబరు 27వ తేదీన విజయవాడ సమీపమున ఇబ్రహీంపట్నమునందలి వసతిగృహములో ఒక విద్యార్థిని దారుణముగా హత్య గావింపబడెను. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు పేదయువకు నొకనిని పోలీసులు పట్టి, ఇతడే హంతకుడనిరి. 2010 సెప్టెంబరులో విజయవాడ న్యాయస్థానము అతనికి శిక్ష విధించెను. ఆశ్చర్యమేమన, హతురాలి తల్లిదండ్రులే ఇతడు దోషి కాడని మొదటినుండి మొఱపెట్టుకొనిరి. వారి మాట వినువారు లేకపోయిరి. 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు అతనిని నిర్దోషిగా విడిచిపుచ్చి, ఒక లక్ష రూపాయలు చెల్లింపుమని ప్రభుత్వమునకు ఉత్తరువిచ్చెను. అతడు రాజమహేంద్రవరపు కేంద్రకారాగారమునుండి వెలుపలికి వచ్చునప్పటికి ఎనిమిదిన్నర యేండ్లు దాటినవి. ఆ లక్షను ఆ దినములకు పంచి చూడుడు. దినమునకు సుమారు ముప్పదిరెండు రూపాయలు. వేడుకకై యొక్కదినము చెఱలో నుండగోరినవాడు అయిదువందలు చెల్లింపవలసియుండెను; మోపిన నేరము రుజువు కాకయే యౌవనమంతయు చెఱలో గడపినవానికి దినమునకు ముప్పదిరెండు రూపాయలు ముట్టును! ఇది మన దేశమున స్వేచ్ఛకు గట్టిన వెల.

అయితే ధనమునుగూర్చి వ్రాయుటకు మేము కలము పట్టలేదు. నిరపరాధి యొకడు శిక్షింపబడినప్పుడు లోకము ఒక అన్యాయమే జరిగినదనుకొనును. నిజమునకు జరుగునవి రెండు. ఒకడు చేయని నేరమునకు చెఱలో కృశించును. చేసినవాడు నిర్భయుడై వీథిలో తిరుగును. దోషి దొరకినాడనుకొని పోలీసువారు కాగితములు కట్టిపెట్టుదురు. వెదకుట యాగిపోవును. కావున పాతనేరముల దోషులను పట్టుటయు, పొరపాటున శిక్షింపబడినవారిని విడిపించుటయు రెండు పనులు కావు, ఒక్కటే పని. ఈ సంగతి మన పారిశ్రామిక ప్రాంతమువారు తక్కినవారికంటె నెక్కువగా గ్రహింపవలసియున్నది. ఏలయన, మన కన్నులయెదుటనే దానికి నిదర్శనము జరిగినది.

పటాన్‌చెరు, పాశమైలారము, ఇస్నాపురము, బొల్లారము, జిన్నారము - ఈ గ్రామములు నేడు గ్రామములు కావు. బీహారు, ఒడిస్సా, ఝార్ఖండు, ఉత్తరప్రదేశములనుండి వచ్చిన శ్రామికులతో కిక్కిరిసి యున్నవి. ఒక గదిలో నలుగురైదుగురు కాపురముండుదురు. పని యున్ననాళ్లు ఇచ్చట, లేనినాడు మఱియొకచోట. ముంబాయి రహదారియు, నగరమును చుట్టివచ్చు వలయరహదారియు రాత్రింబవళ్లు బండ్లతో నిండియుండును. ఇట్టిచోట ఒక మనిషి కనబడకపోయిన, వెదకువాడెవ్వడు? మేస్త్రీ అతడు ఊరికి పోయినాడనుకొనును. ఊరివారు పనిలో నున్నాడనుకొందురు. కూలిచేసి బ్రతుకు ఒంటరిస్త్రీ మాయమైన, ఎవనితోనో పోయినదని ఇరుగుపొరుగువారే తీర్పు చెప్పివేయుదురు. కొంతకాలమునకు ఏ గుట్టదాపుననో, ఏ చెఱువుగట్టుననో ఎముకలు బయటపడును. "గుర్తు తెలియని శవము" అని పంచనామా వ్రాసి పూడ్చివేయుదురు. పేరు లేని శవమునకు హంతకుడును లేడు.

ఈ చీకటిలోనే యొకడు ఇరువదియేండ్లకు సమీపముగా సంచరించెను. సంగారెడ్డి జిల్లా కంది మండలమునకు చెందినవాడు, రాళ్లుకొట్టుట వృత్తిగా గలవాడు. కల్లుదుకాణములయొద్ద ఒంటరిగానున్న పేదస్త్రీలతో పరిచయము చేసికొని, నిర్జనస్థలములకు తోడ్కొనిపోయి, చంపి, ఒంటిమీది నగలు దోచుట వాని రీతియని పోలీసులు చెప్పిరి. వారి లెక్కప్రకారము 2003 మొదలు 2020 చివరివరకు వానిపై మోపబడిన హత్యలు పదునెనిమిది. తూప్రాను, రాయదుర్గము, సంగారెడ్డి, దుండిగల్, నర్సాపురము - ఇట్లు ఠాణా ఠాణాకు ఒక్కొక్క కాగితపుకట్ట. 2011లో యావజ్జీవశిక్ష పడినది. ఆ యేడే డిసెంబరులో ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునుండి తప్పించుకొనిపోయెను. 2013లో మరల పట్టుబడెను. 2018లో అప్పీలుమీద విడుదలయ్యెను. 2021 జనవరిలో మఱి రెండు హత్యలకై నగరపోలీసులు మరల పట్టుకొనిరి.

కడపట వీడెట్లు దొరకెనో గమనింపుడు. జూబ్లీహిల్స్ ఠాణాలో ఒక భర్త తన భార్య కనబడుటలేదని ఫిర్యాదు వ్రాసియిచ్చెను. ఘటకేశ్వరము ఠాణాపరిధిలో కొలది దినములకు ఒక స్త్రీశవము దొరకెను. ఈ రెండు కాగితములను ఎవరో యొక బుద్ధిమంతుడు ప్రక్కప్రక్కన బెట్టి చూచెను. దానితో ఒక చిక్కుముడి విడిపోయెను; దానివెంబడి సిద్దిపేట జిల్లా ములుగునందు అంతకుముందు దొరకిన మఱియొక శవము కథయు బయటపడెను. మహామహులైన అపరాధపరిశోధకులు రావలసిన పని లేకపోయెను. కనబడనివారి జాబితాను, దొరకిన శవముల జాబితాను జతచేయుట - ఇంతే! ఈ యింతపని ఇరువదియేండ్లుగా ప్రతి ఠాణాయందును జరిగియుండిన నెందఱు తల్లులు బ్రతికియుందురో ఆలోచింపుడు.

ఇది యొక్క జిల్లా లోపము కాదు. యాదాద్రి జిల్లా బొమ్మలరామారము మండలమున హాజీపురము కథ మఱచిపోదగినదా? 2015లో పదునొకండేండ్ల బాలిక యొకతె కనబడకపోయెను. నాలుగేండ్లు గడచినవి. 2019 మార్చిలో మఱియొక యువతి, ఏప్రిలులో పదునాలుగేండ్ల విద్యార్థిని మాయమైరి. ఈ కడపటి బాలిక శవము పాడుబడిన బావిలో దొరకిన పిదపనే తక్కిన యిద్దఱును బావుల అడుగుననే యున్నారని తెలియవచ్చెను. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ న్యాయస్థానము ముద్దాయికి మరణశిక్ష విధించెను. కాని 2015లోనే వెదకవలసినట్లు వెదకియుండిన, తక్కిన యిద్దఱు బాలికలు నేడు మనమధ్య నుండెడివారు కారా?

పాతనేరములను ఛేదించుటకును, నిరపరాధిని విడిపించుటకును ఒకే సాధనము పనికివచ్చునని లోకమునకు మొదట చూపినది ఇంగ్లండు. లెస్టరు ప్రాంతపు గ్రామములలో 1983లో నొకతె, 1986లో మఱియొకతె - ఇద్దఱు బాలికలు హత్యగావింపబడిరి. పదునేడేండ్ల కుఱ్ఱవాడొకడు రెండవహత్య తానే చేసితినని పోలీసులయెదుట ఒప్పుకొనెను. ఆ దినములలో వెనుకటి కాలమైన వానిగతి యేమగునో చెప్పనక్కఱలేదు. కాని అలెక్ జెఫ్రీస్ అను శాస్త్రజ్ఞుడు అంతకు రెండేండ్లముందే డి.యన్.ఏ. ముద్రలను పోల్చు పద్ధతి కనుగొనియుండెను. అతడు పరీక్షించి, రెండు హత్యలును ఒక్కని పనియే, కాని వాడు ఈ కుఱ్ఱవాడు కాడని తేల్చెను. ఆపైన వేలకొలది పురుషుల రక్తమును పరీక్షించి, అసలు హంతకుని పట్టిరి. 1988లో శిక్ష పడెను. చూడుడు: ఆ శాస్త్రము నేరవిచారణయందు చేసిన తొలిపని ఒక నిరపరాధిని విడిపించుట, అసలు దోషి పట్టుబడుట దాని ఫలితముగా వచ్చినది. నిరపరాధి విడుదలయైనందుననే వెదకుట మరల మొదలైనది.

అట్టి విద్య మనకు దూరదేశములందున్నదా? హైదరాబాదు హబ్సిగూడలోని సి.సి.యం.బి. పరిశోధనాలయమున లాల్జీసింగుగారు మన దేశపు పద్ధతిని రూపొందించిరి. తరువాత ఆ పనికై సి.డి.ఎఫ్.డి. అను ప్రత్యేకసంస్థయే ఆ నగరమున వెలసినది. పటాన్‌చెరులో ఉదయము బయలుదేరినవాడు మధ్యాహ్నభోజనమునకు మరలివచ్చునంత దూరములో నున్నవి. దాని యుపయోగమును మన ప్రాంతము కన్నీటితో చూచియున్నది. 2025 జూన్ 30న పాశమైలారములోని మందులకర్మాగారమున జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా శ్రామికులు మరణించిరి. ఆనవాలు పట్టరాని దేహములను బంధువుల రక్తముతో డి.యన్.ఏ. పరీక్షచేసి పోల్చి, ఎవరివారికి వారిని అప్పగించిరి. ఘోరప్రమాదము జరిగి, దేశమంతయు చూచుచున్నప్పుడు బీహారుకూలి దేహమునకు పేరు దొరకినది. అదే కూలి యొక రాత్రి రహదారిప్రక్కన హతుడై పడియుండిన, వాని దేహమునకు ఆ పరీక్ష ఏల దొరకరాదు?

అయితే శాస్త్రము మంత్రదండము కాదు. ఇబ్రహీంపట్నము కేసులో డి.యన్.ఏ. నివేదిక యుండెను. అయినను హైకోర్టు దానిపై ఆధారపడి శిక్షను నిలుప నంగీకరింపలేదు. నమూనాను ఎవరు తీసిరి, ఎవరిచేతికి ఇచ్చిరి, ముద్ర ఎప్పుడు వేసిరి అనునది స్పష్టముగా నుండనిచో పరీక్షాలయము చెప్పిన సత్యమును అసత్యముతో సమానమగును. అంతకంటె ఘోరమైన సంగతి వినుడు. ఆ కేసు అప్పీలు హైకోర్టులో విచారణలో నుండగనే, విజయవాడ న్యాయస్థానముననున్న వస్తుసాక్ష్యము ధ్వంసమైపోయినదని తరువాత తేలెను. 2018లో హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినప్పుడు చేతిలో నేమియు లేకపోయెను. అందువలన 2019 డిసెంబరులో తెనాలిలో ఆ బాలిక సమాధిని త్రవ్వి ఎముకల నమూనాలు తీయవలసివచ్చెను. కూతురిని పాతిపెట్టిన పండ్రెండవయేట ఆ తల్లిదండ్రులు మరల ఆ గోతియొద్ద నిలువబడిరి. ఒక గుడ్డముక్కను, ఒక గాజునాళికను భద్రపఱుప నేరని వ్యవస్థ, ఒక తల్లిచేత ఈ దుఃఖమును రెండుమారు లనుభవింపజేసినది.

ఇక మనవంతు తప్పును కూడ చెప్పుకొనవలయును. 2019 నవంబరులో శంషాబాదునొద్ద పశువైద్యురాలి హత్య జరిగినప్పుడు దేశము క్రోధముతో నుడికిపోయెను. ఆ క్రోధము ధర్మమైనదే. డిసెంబరు 6న షాద్‌నగరమునొద్ద చటానుపల్లిలో నలుగురు నిందితులను పోలీసులు కాల్చిచంపిరి. జనులు పూలు చల్లిరి, మిఠాయిలు పంచిరి. కొలది దినములకే పత్రికలలో నొక వార్త వచ్చినది: చనిపోయినవారిలో నిద్దఱు సంగారెడ్డి, రంగారెడ్డి, మహబూబునగరము జిల్లాల రహదారులపై మఱి తొమ్మిదిమంది స్త్రీలను చంపినట్లు ఒప్పుకొనిరని పోలీసువర్గములు చెప్పుచున్నవట! ఆ మాట నిజమైన, తొమ్మిదికుటుంబములు న్యాయస్థానమున వినవలసిన సమాధానము తుపాకిగుండుతో నోరు మూసుకొన్నది. అబద్ధమైన, తొమ్మిదిమంది హత్యలు మృతుల ఖాతాలో వ్రాయబడి, అసలు హంతకులు హాయిగా నున్నారు. ఎటుచూచినను సత్యమే హతమైనది. సుప్రీముకోర్టు నియమించిన న్యాయమూర్తి సిర్పూర్కరుగారి కమిషను, ఆ కాల్పులు చంపు తలంపుతోనే జరిగినవనియు, నలుగురిలో ముగ్గురు మైనరులనియు తేల్చినట్లు 2022లో వెల్లడియైనది. ఆ నివేదికపైని వ్యాజ్యములు హైకోర్టునకు ఎక్కినవి. న్యాయస్థానములు ఏమి చెప్పినను, నాడు పూలు చల్లిన చేతులు మనవి. తొందరపడి కోరు న్యాయము, తొందరపడి చూపిన దోషితో తృప్తిపడును. అట్టి తృప్తినుండియే నందిగామ యువకునివంటివారు పుట్టుదురు.

కొందఱు పెద్దమనుష్యులు ఇట్లనుచున్నారు: "నూటికొకడు నిరపరాధి చిక్కిన చిక్కుగాక, దుష్టులకు భయముండవలదా?" ఈ వాదమునకు మా ప్రత్యుత్తరమిది. చెఱలోనున్న నిరపరాధిని చూచి హంతకుడు భయపడడు, నవ్వుకొనును. పోలీసు తప్పుత్రోవ పట్టినదని వానికంటె బాగుగా నెఱిగినవాడెవ్వడు? మఱియు నా నూటికొకడు ఎప్పుడును ధనవంతుని కుమారుడు కాడు. దొంగతనములు చేసినాడని పేరుపడ్డ పేదవాడు, భాష తెలియని వలసకూలి, వకీలును పెట్టుకొనలేనివాడు - వీరే యా యొక్కడు. మన పట్టణపు గృహస్థులు తమ బిడ్డలు ఆ యొక్కడు కాబోరను ధైర్యముతో ఈ మాట పలుకుచున్నారు.

మఱి చేయవలసిన దేమి? మా దృష్టికి నాలుగు పనులు అవశ్యములుగా దోచుచున్నవి.

మొదటిది: గుర్తు తెలియని ప్రతి శవమునుండియు పూడ్చుటకు ముందే డి.యన్.ఏ. నమూనా తీసి భద్రపఱుపవలయును. కనబడుటలేదని ఫిర్యాదిచ్చిన బంధువులు సమ్మతించిన వారి నమూనాతో పోల్చవలయును. ఇందుకై 2019లో లోక్‌సభయందు ప్రవేశపెట్టిన డి.యన్.ఏ. బిల్లును 2023లో ఉపసంహరించిరి. పౌరుల గోప్యతకు భంగము కలుగునను భయము ఆ బిల్లునుగూర్చి వెలిబుచ్చబడినది. అది నిరాధారమైన భయము కాదు. అయినను మృతుల నమూనాలకును, వారిని వెదకు బంధువుల నమూనాలకును మాత్రమే పరిమితమైన శాసనము చేయుటకు అడ్డేమి?

రెండవది: సాక్ష్యరక్షణము. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు అంతకుమించిన శిక్షగల నేరములందు శాస్త్రనిపుణులు స్థలమునకు పోయి సాక్ష్యము సేకరింపవలయునని విధించినది. కాని రాష్ట్రములకు అయిదేండ్ల గడువునిచ్చినది. మన పారిశ్రామికప్రాంతమున ఆ గడువు తీరువఱకు వేచియుండ బనిలేదు. సేకరించిన వస్తువును కడపటి అప్పీలు ముగియువఱకు, దోషి దొరకనిచో దొరకువఱకు, నాశనము చేయరాదు.

మూడవది: శిక్ష పడినవాని మొఱను వినుటకు వేఱొక సంస్థ. ఇంగ్లండులో బర్మింగుహాం ఆర్వురు పదునాఱేండ్లు అన్యాయముగా చెఱలోనుండి 1991లో విడుదలయైన పిమ్మట ప్రభుత్వము సిగ్గుపడి, 1997లో అట్టి కమిషనును స్థాపించినది. అమెరికాలో 1992లో ఇద్దఱు వకీళ్లు ప్రారంభించిన ఇన్నొసెన్సు ప్రాజెక్టు డి.యన్.ఏ. పరీక్షలచేత వందలమందిని విడిపించినది. అందు పెక్కుకేసులలో అసలు దోషియు బయటపడెను. మనకట్టిది లేదు. తనను పట్టిన పోలీసులనే, కోర్టులనే మరల వేడుకొనుట తప్ప ఖైదీకి దారి లేదు.

నాలుగవది: పరిహారము. అకారణముగా నొకనిని పట్టించినవాడు చెల్లింపవలసినది వేయి రూపాయలకు మించరాదని పాతశాసనమున నుండెను. క్రొత్త సంహితయందును ఆ వేయియే నిలిచినది! మక్కామసీదు ప్రేలుడు కేసులో అన్యాయముగా బాధింపబడి విడుదలయైన యువకులకు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పరిహారమీయగా, 2013లో హైకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసెను. ప్రభువుల దయపై నడచు ధర్మము ఇట్లే మధ్యలో తెగిపోవును. 2018లో న్యాయసంఘము తన 277వ నివేదికలో ఇందుకు ప్రత్యేకశాసనము కావలెనని స్పష్టముగా చెప్పినది. ఆ నివేదిక అలమారలో నుండుటకు వ్రాయబడలేదు.

ప్రభుత్వములు చేయునది చేయుగాక. మనము చేయదగిన దేమియు లేదా? కలదు. ఇరుగుపొరుగున కూలివాడు గాని, కూలిస్త్రీ గాని కనబడకపోయిన, నోట నింద పలుకకుడు; చేయి పట్టుకొని ఠాణాకు తోడ్కొనిపొండు. నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాయైన ఫిర్యాదు తీసికొనవలసినదేయని శాసనమున్నది. "మా పరిధి కాదు" అను మాటను ఒప్పుకొనకుడు. జిల్లా న్యాయసేవాధికారసంస్థ పేదఖైదీకి ఉచితముగా వకీలు నిచ్చును. ఆ సంగతి తెలియనివారికి తెలుపుడు. ఫలానివాడు హంతకుడని పోలీసులు చూపిన సాయంకాలమే "ఉరితీయుడు, కాల్చుడు" అని కేకలు వేయకుడు. "రుజువేది?" యని యడుగుడు. ఆ ప్రశ్న దోషికి చుట్టమని యనుకొనరాదు. ఆ ప్రశ్నకు జడియువాడు అసలు దోషియే.

సంగారెడ్డి చెఱసాల గోడలు రెండువందల యేండ్లకు పైగా మనుష్యులను చూచినవి. వారిలో నెందఱు నిరపరాధులో ఆ గోడలు చెప్పలేవు. వేడుకకై లోనికి పోవు మిత్రులారా! రాత్రి తలుపు మూసినప్పుడు ఒక్క నిమిషము ఆలోచింపుడు: ఉదయము ఈ తలుపు తెఱవబడునని మీరెఱుగుదురు. ఏ పాపమెఱుగక ఈ చీకటిలో కూర్చున్నవానికి ఆ యెఱుక లేదు. వాని తలుపు తెఱచిన దినముననే, బయట స్వేచ్ఛగా తిరుగు హంతకునికి తలుపు మూయుట మొదలగును.